ఎవరు పంపారో తెలియని మెయిల్‌ను ఎక్కడ ఆపాలి

మెయిల్ సర్వర్ ఉద్యోగం ఎవరూ కోరి తెచ్చుకోరు. అంతకుముందు చూసే మనిషి ఇంకో కంపెనీకి వెళ్లిపోతాడు, పాస్‌వర్డ్ రాసిన కాగితం మన చేతిలో పెడతారు, ఆ రోజు నుంచి ఆఫీసులో ఎవరి మెయిల్ ఆగినా మన పేరే వినిపిస్తుంది. నేను మొదట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, తర్వాత హైదరాబాదు శివార్లలో ఒక మందుల కంపెనీలో ఈ పని చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "సార్, తెలియని అడ్రసుల నుంచి వచ్చే మెయిల్ మొత్తం ఆపేయాలి, ఏ లైన్ రాయాలి?" అని.

ఒక్క లైన్ చెప్పొచ్చు. చెప్తే మర్నాడు పొద్దున్నే జీఎం గారి నుంచి ఫోన్ వస్తుంది, నాకు కాదు, ఆ పిల్లలకి. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను. నా చేయి తిరిగింది పోస్ట్‌ఫిక్స్ మీద. వీట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో బయటికి వదిలిన సాఫ్ట్‌వేర్ అది. మీ దగ్గర ఎగ్జిమ్ ఉంటే సెట్టింగుల పేర్లు మారతాయి, చిక్కులు అవే.

1. పంపినవాడి పేరును అడుగుతారు తప్ప రుజువు అడగరు.

జాన్ పోస్టెల్ 1982లో మెయిల్ రవాణా పద్ధతిని ఆర్‌ఎఫ్‌సి 821గా రాసిపెట్టినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని యూనివర్సిటీలు, పరిశోధనశాలలు. ఒకరికొకరు తెలిసినవాళ్లు. "మెయిల్ ఫ్రమ్" అని ఒక ఆదేశం, దాని పక్కన ఒక అడ్రసు, అంతే. ఏ అడ్రసు చెప్తే అదే రాసుకుంటుంది సర్వర్. ఆ పద్ధతి ఈనాటికీ మారలేదు. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5321లోనూ అదే ఆదేశం, అదే నమ్మకం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. పోస్టులో వచ్చే ఉత్తరానికి కవరు మీద ఒక పేరు, లోపల సంతకం దగ్గర ఒక పేరు ఉన్నట్టు, మెయిల్‌కీ రెండు పేర్లుంటాయి. సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు చెప్పేది కవరు పేరు. మీ మేనేజరు ఔట్‌లుక్‌లో చూసేది లోపలి పేరు. రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు. నేను కింద చెప్పే సెట్టింగులన్నీ దాదాపుగా కవరు పేరు గురించే. అవి పెట్టాక కూడా "ఎండీ గారి పేరుతో నకిలీ మెయిల్ వచ్చింది" అని ఎవరైనా అంటే ఆశ్చర్యపోవద్దు. కవరు మీద నిజమైన అడ్రసే ఉండొచ్చు, లోపల మాత్రం ఎండీ గారు.

2. ముందు ప్రశ్నను మూడు ముక్కలు చేయండి.

మొదటిది, ఆ డొమైన్ అసలు ప్రపంచంలో ఉందా? రెండోది, మన డొమైన్ పేరుతోనే వచ్చింది కదా, ఆ పేరుగల మనిషి మన దగ్గర ఉన్నాడా? మూడోది, వేరేవాళ్ల డొమైన్ ఉంది, అందులో ఆ మనిషి ఉన్నాడా? మొదటి ప్రశ్నకు డీఎన్‌ఎస్ జవాబు చెప్తుంది. రెండోదానికి మన దగ్గరి జాబితా చెప్తుంది. మూడోదానికి మనం పరాయి సర్వర్ తలుపు తట్టాలి. పోస్ట్‌ఫిక్స్‌లో ఈ మూడింటికీ మూడు వేర్వేరు లైన్లున్నాయి, పేర్లు చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి: రిజెక్ట్ అన్‌నోన్ సెండర్ డొమైన్, రిజెక్ట్ అన్‌లిస్టెడ్ సెండర్, రిజెక్ట్ అన్‌వెరిఫైడ్ సెండర్. ఇంటర్నెట్‌లో ఎవరో రాసింది చూసి ఒకదాని బదులు ఇంకోటి పెట్టినవాళ్లను నేను చూశాను. మొదటిదాన్ని అందరూ పెట్టుకోవచ్చు. రెండోదాన్ని ఇంట్లో లెక్కలు సరిచూసుకున్నాక పెట్టుకోవాలి. మూడోదాని సంగతి ఆరో పాఠంలో.

3. డొమైన్ తనిఖీ ఎంత బలమో, మీ డీఎన్‌ఎస్ అంత బలం.

పంపినవాడి డొమైన్‌కి ఎంఎక్స్ రికార్డూ లేక, మామూలు అడ్రస్ రికార్డూ లేకపోతే, దానికి తిరిగి జవాబు రాసే దారే లేదు. జవాబు రాయలేని ఉత్తరాన్ని తీసుకోనక్కర్లేదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. అయినా పోస్ట్‌ఫిక్స్ ఇక్కడ తొందరపడదు. 550 అని ముఖం మీద తలుపు వేయకుండా 450 అంటుంది, అంటే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని. డొమైన్ లేదని రూఢి అయినా సరే, మనం మార్చేదాకా జవాబు 450నే. ఇక డీఎన్‌ఎస్ నుంచి జవాబు రాక తేలకపోతే, మనం ఏం రాసిపెట్టినా అది 450నే వాడుతుంది. ఈ రెండో తెలివి మీద చేయి వేయలేం, అదీ మంచికే.

ఈ తనిఖీ ఒకసారి ప్రపంచమంతటా ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయింది. 2003 సెప్టెంబరు 15న డాట్ కామ్, డాట్ నెట్ రిజిస్ట్రీని నడిపే వెరీసైన్ సంస్థ సైట్ ఫైండర్ అనే సేవ మొదలుపెట్టింది. ఎవరైనా లేని డాట్ కామ్ పేరు టైప్ చేస్తే "లేదు" అనే బదులు తన సొంత మిషన్ అడ్రసు ఇచ్చేది. బ్రౌజర్లో చూసేవాళ్లకు అదొక వెతుకులాట పేజీ. మెయిల్ సర్వర్లకు మాత్రం లేని డొమైన్ అంటూ లేకుండా పోయింది, నోటికొచ్చిన అక్షరాలు కొట్టి డాట్ కామ్ తగిలిస్తే అదీ "ఉంది". బైండ్ అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఆ జవాబుల్ని పక్కకు నెట్టే మార్పును హడావుడిగా వదిలారు. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ గట్టిగా పట్టుబడితే అక్టోబరు 4న ఆ సేవ ఆగింది.

పాత కథే అనుకోకండి. చిన్న ఊళ్లలో కొన్ని ఇంటర్నెట్ కనెక్షన్లు ఇప్పటికీ లేని పేరుకు తమ ప్రకటనల పేజీ చూపిస్తాయి. మీ సర్వర్ ఆ డీఎన్‌ఎస్ వాడుతుంటే తనిఖీ ఉన్నా లేనట్టే. సర్వర్‌లోనే సొంత రిజాల్వర్ నడపండి. అన్‌బౌండ్ అయినా బైండ్ అయినా పెద్ద బరువేమీ కాదు. పెట్టాక ఒక అర్థంలేని పేరు అడిగి చూడండి, "లేదు" అనే జవాబు రావాలి.

ఇదే చోట ఇంకో చిన్న లాభం ఉంది. కొందరు తమ ఎంఎక్స్‌ను 127.0.0.1కో, ఆఫీసు లోపలి 10తో మొదలయ్యే అడ్రసుకో చూపిస్తారు. డొమైన్ ఉన్నట్టే, కానీ మనం జవాబు రాస్తే మనకే తిరిగొస్తుంది. చెక్ సెండర్ ఎంఎక్స్ యాక్సెస్ అనే లైన్‌తో అలాంటి అడ్రసుల్ని జాబితాగా ఇచ్చి ఆపొచ్చు.

4. మన ఇంటి పేరుతో వచ్చేవాడి దగ్గరే గట్టిగా ఉండాలి.

ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువ సమయం పెట్టింది దీనిమీదే. మిమ్మల్నీ అదే చేయమంటాను. బయట ప్రపంచంలో ఎవరున్నారో మనకు తెలియదు, మన ఆఫీసులో ఎవరున్నారో మనకు తెలిసి తీరాలి. "స్మిట్‌పీడీ రిజెక్ట్ అన్‌లిస్టెడ్ సెండర్" అనే సెట్టింగ్ (మా కుర్రాళ్లు దాన్ని అలాగే పలికేవాళ్లు) మామూలుగా "నో" అని ఉంటుంది. "ఎస్" చేస్తే, మన డొమైన్ పేరు చెప్పుకుంటూ వచ్చే ప్రతి అడ్రసునూ మన జాబితాలో వెతుకుతుంది. లేకపోతే 550. పురుగుల కాలంలో, అంటే 2003లో సోబిగ్, 2004 జనవరిలో మైడూమ్ ఊరూరా తిరుగుతూ పంపినవారి పేర్లను కల్పించి పెడుతున్నప్పుడు, ఇలాంటి తనిఖీ చాలా చెత్తను ఆపింది.

కానీ "ఎస్" అనే ముందు ఆఫీసంతా ఒకసారి తిరిగి రండి. కూర్చున్న చోటి నుంచి కాదు, లేచి తిరగండి. రెండో అంతస్తులో స్కానర్ కమ్ ప్రింటర్ ఉంటుంది. అది స్కాన్ చేసిన కాగితాన్ని "స్కానర్" అనే పేరుతో మన డొమైన్ తగిలించి పంపుతుంది. ఆ పేరుతో మెయిల్‌బాక్స్ ఎవరూ తెరిచి ఉండరు. గేటు దగ్గర వేలిముద్ర హాజరు మిషన్ రాత్రి తొమ్మిదింటికి హెచ్ఆర్‌కి రిపోర్టు పంపుతుంది. జీతాల సాఫ్ట్‌వేర్ ఒకటో తారీఖున పేస్లిప్పులు "నోరిప్లై" పేరుతో పంపుతుంది. యూపీఎస్ బ్యాటరీ తగ్గితే అదీ ఒక మెయిల్ పెడుతుంది. ఇవన్నీ మన నెట్‌వర్క్‌లోంచే వస్తాయి, అయినా ఈ సెట్టింగ్ వాటినీ వదలదు. లోపలివాళ్లకు "పర్మిట్ మైనెట్‌వర్క్స్" ఇచ్చాం కదా అనుకుంటారు, ఈ తనిఖీ దాని తర్వాత కూడా జరుగుతుంది. ఒకటో తారీఖున పేస్లిప్పులు రాకపోతే ఆఫీసులో ఎలా ఉంటుందో నేను రాయనక్కర్లేదు.

మందు సులువే. ప్రతి మిషన్‌కీ ఒక అలియాస్ పెట్టండి, దానికి వచ్చే జవాబులు ఐటీ గ్రూపుకి చేరేలా చూడండి. పేరు జాబితాలో ఉంటే చాలు, పెట్టె ఉండక్కర్లేదు. దీనితో ఇంకో లాభం, ఎవరెవరు మన పేరు వాడుతున్నారో మొదటిసారి ఒక కాగితం మీదికి వస్తుంది. మా కంపెనీలో ఆ కాగితం రాసేటప్పుడే, ఎప్పుడో మూసేసిన గోడౌన్‌లోని ఒక కంప్యూటర్ ఇంకా రోజూ మెయిల్ పంపుతోందని తెలిసింది.

మరొక మెలిక. మీ సర్వర్ ముందు నిలబడి లోపలి ఎక్స్ఛేంజ్‌కి మెయిల్ అందించేది మాత్రమే అయితే, లోపలివాళ్ల జాబితా దానికి మీరే ఇవ్వాలి. ఆ జాబితా ఉండాల్సిన రిలే రిసీపియెంట్ మ్యాప్స్ ఖాళీగా ఉంటే దానికి ఎవరూ తెలియరు కాబట్టి అందర్నీ రానిస్తుంది. సెట్టింగ్ "ఎస్" అనే ఉంటుంది, పని మాత్రం జరగదు.

లాగిన్ అయి పంపేవాళ్ల సంగతి వేరు. ఒకరి పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే, దొంగ ఆ పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చి నచ్చిన పేరుతో పంపుతాడు. సెండర్ లాగిన్ మ్యాప్స్‌లో ఏ లాగిన్ ఏ అడ్రసు వాడొచ్చో రాసి, రిజెక్ట్ సెండర్ లాగిన్ మిస్‌మ్యాచ్ జోడిస్తే, కొనుగోళ్ల విభాగం గుమస్తా ఖాతాతో ఎండీ పేరు వాడటం కుదరదు. కవరు పేరు వరకే సుమా. కార్యదర్శులు పైవాళ్ల తరఫున పంపే అలవాటు ప్రతి ఆఫీసులో ఉంటుంది, వాళ్ల పేర్లు ముందే అడిగి రాసుకోండి. వాళ్లతో పేచీ పెట్టుకుని ఏ ఐటీవాడూ బాగుపడలేదు.

5. ఖాళీ పేరును ముట్టుకోకండి.

"మెయిల్ ఫ్రమ్" పక్కన ఏ అడ్రసూ లేకుండా వచ్చే మెయిల్ ఉంటుంది. బౌన్స్ సమాచారాలు అలాగే రావాలని ఆర్‌ఎఫ్‌సి చెప్తోంది. బౌన్స్‌కు మళ్లీ బౌన్స్ పుట్టి రెండు సర్వర్లు బంతాట ఆడుకోకుండా పెట్టిన ఏర్పాటది. పేరే లేదు కదా అని ఆపేశారంటే, మీవాళ్లు తప్పు అడ్రసుకు పంపిన టెండరు వెనక్కి తిరిగొచ్చినా వాళ్లకు తెలియదు. పోస్ట్‌మాస్టర్ అడ్రసూ అంతే, ఎప్పుడూ తెరిచి ఉండాలి.

6. పరాయి సర్వర్‌ను అడిగి తెలుసుకోవడం మంచి ఆలోచనలా కనిపిస్తుంది.

రిజెక్ట్ అన్‌వెరిఫైడ్ సెండర్ పెడితే, మెయిల్ తెచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి, మన పోస్ట్‌ఫిక్స్ ఆ పంపినవాడి డొమైన్‌కు వెళ్లి, "ఈ అడ్రసుకు మెయిల్ తీసుకుంటారా?" అని అడుగుతుంది. ఒప్పుకుంటే ఏ ఉత్తరమూ ఇవ్వకుండా తిరిగొచ్చేస్తుంది. మామూలు రద్దీలో మూడు సెకన్ల ఎడంతో మూడుసార్లు చూస్తుంది, అప్పటికీ జవాబు రాకపోతే 450 చెప్పి పంపేస్తుంది. దొరికిన జవాబును దాచుకుంటుంది, ఉన్న అడ్రసైతే 31 రోజులు, లేనిదైతే 3 రోజులు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ముచ్చటైన పని.

ఇప్పుడు దీన్ని అవతలి ఒడ్డు నుంచి చూడండి. ఒక స్పామర్ మీ డొమైన్ పేరును కోటి మెయిళ్ల కవర్ల మీద వేశాడనుకోండి. ఈ సెట్టింగ్ పెట్టుకున్న ప్రతి సర్వరూ మీ దగ్గరికొచ్చి "ఫలానావాడు ఉన్నాడా?" అని అడుగుతుంది. తప్పు చేసింది స్పామర్, భారం మోసేది మీరు. మా కంపెనీ పేరును ఎవరో అలా వాడుకున్నప్పుడు లాగ్ ఫైలు చూస్తూ కూర్చున్నాను. ఊరూ పేరూ తెలియని దేశాల సర్వర్లు వరసగా వచ్చి, ఎన్నడూ లేని మనుషుల గురించి అడిగి వెళ్తున్నాయి. అసలు కొనుగోలుదార్ల మెయిల్ ఆ గుంపులో క్యూ కట్టింది. అప్పటి నుంచి ఈ సెట్టింగ్‌ను అందరి మీదా ప్రయోగించడం మర్యాద కాదన్నది నా అభిప్రాయం. నా ఒక్కడిదే కాదు, ఇలా తలుపులు తట్టే సర్వర్ల ఐపీలను నల్లజాబితాల్లో వేసేవాళ్లున్నారు. ఆ ప్రమాదాన్ని పోస్ట్‌ఫిక్స్ సొంత పత్రాలే హెచ్చరిస్తాయి.

పోనీ, మర్యాద సంగతి పక్కన పెట్టి లాభం చూద్దాం. ఏ అడ్రసుకైనా "ఉన్నాడు" అనే సర్వర్లు చాలా ఉన్నాయి. వాటి విషయంలో అడిగినా వృథా. తెలివైన స్పామర్ దొంగిలించిన నిజమైన అడ్రసే వాడతాడు, అదీ పాసవుతుంది. ఆగిపోయేది ఎవరు? అవతల గ్రేలిస్టింగ్ పెట్టుకున్న మంచివాళ్లు. ఎవాన్ హారిస్ 2003లో ప్రతిపాదించిన ఆ పద్ధతిలో, కొత్తగా వచ్చినవాడిని మొదటిసారి "తర్వాత రా" అంటారు. మన ప్రశ్నకు కూడా అదే జవాబు వస్తుంది, మనం వాళ్ల మెయిల్‌కు 450 చెప్తాం. ఇక ఓటీపీలున్నాయి. పది నిమిషాలు చెల్లే నంబరు మోసుకొచ్చిన మెయిల్‌ను "కాసేపాగి రా" అని పంపితే, అది తిరిగొచ్చేసరికి నంబరు చచ్చిపోతుంది. అకౌంట్స్ సెక్షన్ వాళ్లు రిటర్న్ వేయాల్సిన ఆఖరి రోజు సాయంత్రం ఇది జరిగితే, ఈ సెకన్ల లెక్క వాళ్లకు వివరించి చూడండి.

తరచూ నకిలీ అయ్యే కొన్ని డొమైన్ల వరకే, యాక్సెస్ ఫైల్లో పేర్లు రాసి వాడుకోమని పత్రాలు సూచిస్తాయి. నేనైతే అదీ పెట్టను.

7. లైన్ల వరస చదవడం నేర్చుకోండి.

పోస్ట్‌ఫిక్స్ ఒక్కో జాబితాను పై నుంచి కిందికి చదువుతుంది, ఎక్కడ తీర్పు దొరికితే ఆ జాబితాను అక్కడ ఆపుతుంది. "పర్మిట్ మైనెట్‌వర్క్స్" పైన ఉండి, మైనెట్‌వర్క్స్‌లో హాస్టల్ వైఫై కూడా కలిసి ఉంటే, కింద ఎన్ని తనిఖీలు రాసినా హాస్టల్ పిల్లల లాప్‌టాప్‌లలోని వైరస్‌లకు అవి వర్తించవు. కాలేజీలో నేను మొదట చేసిన పని ఆ అడ్రసుల పరిధిని నాలుగు సర్వర్లకు కుదించడం.

స్మిట్‌పీడీ డిలే రిజెక్ట్ "ఎస్" అనే ఉంటుంది, అలాగే ఉంచండి. పంపినవాడి పేరు వినగానే కాక, ఎవరికో కూడా విన్నాక తిరస్కరిస్తుంది. దానివల్ల లాగ్‌లో రెండు పేర్లూ పడతాయి. ఫిర్యాదు చేసేవాడు "నాకు మెయిల్ రాలేదు" అంటాడే గాని, పంపినవాడి కవరు పేరు చెప్పలేడు. గ్రహీత పేరుతో వెతికితేనే దొరుకుతుంది.

8. గుమ్మం దగ్గరే చెప్పండి, లోపలికి తీసుకున్నాక కాదు.

మెయిల్ తీసుకుని, తర్వాత పరీక్షించి, నచ్చక బౌన్స్ పంపితే ఆ బౌన్స్ వెళ్లేది కవరు మీది పేరుకు. అది నకిలీ అయితే ఏ పాపం తెలియని మనిషికి. మైడూమ్ రోజుల్లో "మీరు మాకు వైరస్ పంపారు" అని ఎన్నో కంపెనీల యాంటీవైరస్‌లు అమాయకులకు ఉత్తరాలు రాశాయి. సంభాషణ నడుస్తుండగానే 550 అంటే, బౌన్స్ రాసే బాధ్యత అవతలి సర్వర్‌ది.

కొత్త నియమాన్ని నేరుగా అమలు చేయకండి. దాని ముందు "వార్న్ ఇఫ్ రిజెక్ట్" అని పెడితే ఆపకుండా, ఆపేవాణ్ణి అని లాగ్‌లో రాస్తుంది. ఒకటో తారీఖు ఒకటి, త్రైమాసికం ముగింపు ఒకటి దాటేదాకా అలా ఉంచండి, ఎందుకంటే కొన్ని మిషన్లు నెలకోసారే నోరు విప్పుతాయి. తర్వాత "సాఫ్ట్ బౌన్స్"తో కొన్నాళ్లు 550లను 450లుగా నడపండి. పొరపాటు కనిపిస్తే సరిదిద్దేలోగా మెయిల్ అవతలి క్యూలో భద్రంగా ఉంటుంది.

9. మూడో ప్రశ్నకు జవాబు ఆ డొమైన్ యజమానినే చెప్పనివ్వండి.

తలుపు తట్టే పద్ధతి బదులు ఇప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఉన్నాయి. నా డొమైన్ పేరుతో ఏ మిషన్లు పంపొచ్చో యజమానే డీఎన్‌ఎస్‌లో ప్రకటిస్తాడు, సంతకం చేస్తాడు, రెండూ లోపలి పేరుతో కుదరకపోతే ఏం చేయాలో కూడా రాస్తాడు. మొదటి పాఠంలో చెప్పిన ఎండీ గారి నకిలీ మెయిల్‌కి కాస్తో కూస్తో మందు ఇదే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిల్ పంపేవాళ్లకు ఇవి తప్పనిసరి చేశాయి. జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 దాటితే పెద్ద సంఖ్యే.

మన డొమైన్‌కు వీటిని పెట్టడంలో మాత్రం తొందర వద్దు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్‌ను "రిజెక్ట్" చేసినప్పుడు, యాహూ అడ్రసుతో మెయిలింగ్ లిస్టులకు రాసేవాళ్ల ఉత్తరాలు మిగతా సభ్యుల్లో చాలామందికి చేరడం ఆగిపోయింది. పూర్వ విద్యార్థుల సంఘాలవాళ్లకు, సంక్రాంతి సంబరాల లెక్కలు లిస్టులోనే తేల్చుకునే తెలుగు సంఘాలవాళ్లకు ఇలాంటి మార్పులు ఎంత తలనొప్పో ఊహించుకోండి. డీమార్క్‌ను "నన్"తో, అంటే ఏదీ ఆపొద్దని చెప్తూ, మొదలుపెట్టి రిపోర్టులు చదవండి, ఆ తర్వాత బిగించండి.

ఒక పక్కమాట. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్లున్నాయి, అడ్రసులో కూడా తెలుగు అక్షరాలు రావొచ్చు. ఆ పద్ధతి ఆర్‌ఎఫ్‌సి 6531గా 2012లో వచ్చింది, పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి అర్థం చేసుకుంటుంది. అంతకన్నా పాత సర్వర్ నడుపుతూ తెలుగు అడ్రసును తెలియనివాడి కింద జమ కట్టకండి.

10. తిరస్కరణలో ఫోన్ నంబరు పెట్టండి.

స్మిట్‌పీడీ రిజెక్ట్ ఫుటర్ అని ఒక సెట్టింగ్ ఉంది. మన 550 మాట వెనక ఒక వాక్యం, ఒక ల్యాండ్‌లైన్ నంబరు అందులో రాయొచ్చు. మన దగ్గర మెయిల్ ఆగిపోయినవాడు మనకు మెయిల్ రాసి చెప్పలేడు కదా. ఫోన్ వస్తే విసుక్కోకండి, లాగ్ చూసి ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పండి. తప్పు వాళ్ల డీఎన్‌ఎస్‌లోదైతే, వాళ్ల ఐటీవాడికి పంపుకోవడానికి ఆ లాగ్ లైన్ చదివి వినిపించండి.

కొందరికి మినహాయింపు ఇవ్వక తప్పదు. సెండర్ యాక్సెస్ ఫైల్లో వాళ్ల పేరు రాసేటప్పుడు, పై లైన్‌లో హ్యాష్ గుర్తు పెట్టి ఎవరు అడిగారో, ఎందుకో, ఏ తేదీనో రాయండి. మినహాయింపు ఇచ్చిన పేరు కూడా నకిలీ కావొచ్చు కాబట్టి, వీలైనచోట పేరుకు బదులు వాళ్ల సర్వర్ ఐపీకి ఇవ్వండి. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలై సరఫరాదార్లు మారతారు, ఆ నెలలో ఫైలంతా ఒకసారి తిరగేయండి. కారణం రాయని లైన్ ఏదైనా కనిపిస్తే హ్యాష్ పెట్టి ఆపి, పోస్ట్‌మ్యాప్ నడిపి, ఒక నెల చూడండి. ఎవరూ ఫోన్ చేయకపోతే తీసేయండి.